అరటిపండ్ల గదిలో ఆరు రోజులు

మా అత్తింటివాళ్ళు నాలుగు తరాలుగా వ్యాపారస్తులు. చిక్కబళ్ళాపురంలో మా ఆయనకు బట్టల అంగడి, చింతామణిలో ఆయన అన్నగారికి, అంటే మా బావగారికి, పండ్ల మండీ. తినేదో కట్టుకునేదో అమ్మితేనే వ్యాపారమని, మిగిలినదంతా కాలక్షేపమని ఆ ఇంట్లో ఒక నమ్మకం. ఊరి బయట మాకున్న అరెకరంలో గ్రీన్ నెట్టు కప్పించి, ఇళ్ళలోనూ ఆఫీసుల్లోనూ నీడన పెట్టుకునే ఆకు మొక్కలు పెంచి పదేళ్ళుగా అమ్ముతున్నా, మా అత్తకు అది వ్యాపారంగా కనిపించలేదు. పువ్వు పూయదు, కాయ కాయదు, పులుసులోకి రాదు, దేవుడికి పెట్టలేము, అలాంటిదాన్ని జనం ఎందుకు కొనుక్కుపోతారని ఆమె సందేహం. తమలపాకులు పెంచుతున్నానని చెప్పుకుంటే గౌరవంగా ఉంటుందని ఒకసారి సలహా కూడా ఇచ్చింది. బంధువులు ఎవరైనా అడిగితే, "మా కోడలికి చెట్లుండాయి" అనేది. బీపీ ఉందని చెప్పినట్టు.

అలాంటి నాకు బాగేపల్లి నుంచి ఒక పెద్ద ఆర్డరు వచ్చింది. వేరుశనక్కాయల వ్యాపారంలో పైకొచ్చిన ఒకాయన హైవే పక్కన ఏసీ కల్యాణ మండపం కట్టించాడు. స్వయంగా నా తోటకు వచ్చి, గుళ్ళోకి వచ్చినట్టు చెప్పులు బయట విడిచి, నెట్టు కింద అటూ ఇటూ నడిచి చూశాడు. పుట్టినప్పటి నుంచీ ఎండిన నేలను చూసి చూసి కళ్ళు మండిపోతున్నాయని, తన మండపంలో అడుగుపెట్టినవాళ్ళకు మలెనాడు అడవుల్లోకి వచ్చినట్టుండాలని చెప్పాడు. రెండు వందల కుండీలు కావాలన్నాడు. అందులో సగం షెఫ్లెరా, కాడ చివర ఆకులు గొడుగులా విచ్చుకునే మొక్క. మేము గొడుగు చెట్టనే అంటాం. మిగిలినవాటిలో ఎక్కువ ఫైకస్, మనిషెత్తు పెరిగి, చిన్న చిన్న మెరిసే ఆకులతో కొమ్మలు కిందికి వాలే రకం. కొన్ని మనీప్లాంట్లు. ద్వారం దగ్గర పెట్టడానికి ఇరవై స్నేక్ ప్లాంట్లు. కత్తుల్లా నిటారుగా నిలబడే ఆ మొక్కలు ఆయనకు నచ్చలేదు. అవి మొండివి, ఉంచండని నేనే బతిమాలి ఒప్పించాను.

మూడు నెలలు ఆ రెండు వందల మొక్కలకూ ఆకాకూ తుడిచాను. అంచు కమిలిన ఆకు ఒక్కటి కనిపించినా కత్తిరించాను. చివరికి అన్నిటికీ పాత పేపర్లు చుట్టి షెడ్డులో సిద్ధంగా పెట్టిన రోజు మండపం యజమాని ఫోన్ చేశాడు. ప్రారంభించడానికి రావాల్సిన పెద్ద నాయకుడికి ఆ ఆదివారం ఇంకెక్కడో పెళ్ళి ఉందట. పై ఆదివారం వస్తానన్నాడట. ఇదే సందని మండపానికి ఇంకో పూత రంగు వేయిస్తున్నారు కాబట్టి మొక్కలు ఇప్పుడే తేవద్దన్నాడు. అదే మధ్యాహ్నం వడగండ్ల వాన పడి నా గ్రీన్ నెట్టు పేలికలైపోయింది. షెడ్డులో ఉన్నాయి కాబట్టి మొక్కలకు దెబ్బ తగల్లేదు. కానీ మరునాటి నుంచి ఎండ ఎప్పటిలాగే కాసింది. నీడన పెరిగిన మొక్కలను ఆ ఎండలో పెడితే మాడిపోతాయి. షెడ్డు చూస్తే రేకుల షెడ్డు, పగలంతా పొయ్యి మాదిరి.

ఈ కబురు మా ఆయన ద్వారా చింతామణికి చేరింది. గంటలో బావగారి ఫోన్ వచ్చింది.

"కాయలు మాగబెట్టే రూములు మూడుండాయి కదమ్మా మనకి. ఒకటి సగం ఖాళీగా ఉండాది. ఏసీ, చీకటి, గాలి కూడా దూరదు. నీ చెట్లు ఊటీలో ఉన్నట్టుంటాయి. పంపించేయ్."

పదేళ్ళుగా మొక్కలు పెంచుతున్న మనిషిని నేను. గాలి దూరని చీకటి గది అని విన్న క్షణమే వద్దనాల్సింది. కానీ పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో నా పని గురించి ఆయన మాట్లాడటం అదే మొదటిసారి. నా చెట్లకు మండీలో చోటు ఇస్తున్నారంటే, అవి సరుకు అయినట్టు. ఆ సంతోషంలో నేను టెంపో మాట్లాడేశాను.

చింతామణిలో బావగారు టెంపోకు టెంకాయ కొట్టి స్వాగతం చెప్పారు. గదిలో ఒక వైపు పచ్చి అరటిగెలలు కోసి సర్దిన క్రేట్లు నిలువెత్తు పేర్చి ఉన్నాయి. మూల చిన్న పెట్టె లాంటి యంత్రం ఉంది. ఆయన దాన్ని సొంత మనవడిని చూపించినట్టు చూపించారు. దాంట్లోంచి గ్యాస్ వస్తుందని, రాయి మాదిరి ఉన్న కాయ నాలుగు రోజుల్లో పండైపోతుందని, వెనకటిలా పొగబెట్టే పనీ లేదు, పొడి మందులూ లేవని చెప్పారు. నేను మెచ్చుకున్నాను. ఆ గదిని చాలా ఏళ్ళుగా చూసుకుంటున్న పనివాడొకాయన పక్కనే నిలబడి ఉన్నాడు. యాభై దాటినవాడు, మితభాషి. నా మొక్కలను చూసి, యంత్రాన్ని చూసి, "అప్పా, వీటిని ఈడ పెట్టొచ్చునా" అని మెల్లగా అన్నాడు.

"ఏసీ రూములో పెడితే ఏమవుతాదిరా, జలుబు చేస్తాదా" అన్నారు బావగారు. అందరం నవ్వాం. అతను తల వంచుకుని కుండీలు మోయడం మొదలుపెట్టాడు. అతని మాట నేను విన్నాను. ఎందుకట్లా అంటున్నావని అడగలేదు. ఇప్పటికీ నాకు గుచ్చుకునేది అదే.

తర్వాతి రోజుల్లో బావగారు పొద్దున్నే ఫోన్ చేసి మొక్కల క్షేమం చెప్పేవారు. మొదటి రెండు రోజులు బ్రహ్మాండం. మూడో రోజు కూడా బ్రహ్మాండమే, కాకపోతే గొడుగు చెట్లు ఆకులు కిందికి వాల్చి నమస్కారం పెడుతున్నాయని చెప్పారు. నాలుగో రోజు కొన్ని ఆకులు రాలాయని, ఊరు మారాయి కదా, బెంగ పెట్టుకుని ఉంటాయని అన్నారు. ఐదో రోజు ఫోన్ రాలేదు. నేను చేస్తే, అరటిపండ్లు మాత్రం ఈసారి అద్భుతంగా వచ్చాయని చెప్పి పెట్టేశారు.

ఆరో రోజు నేను బస్సెక్కాను. పెద్ద కొడుకును చూసి చాలా రోజులైందని అత్త కూడా వెంట వచ్చింది.

గది తలుపు తీయగానే తియ్యటి పండ్ల వాసన గుప్పుమంది. లైటు వేశారు. నేల కనిపించలేదు. చీలమండల దాకా ఆకులు. ఎండి రాలి ఉంటే అర్థం చేసుకునేదాన్ని. చాలా వరకు పచ్చగానే ఉన్నాయి, నేను తుడిచిన మెరుపు అట్లాగే ఉంది. మనీప్లాంట్లు మాత్రం పసుపు పూసుకున్నట్టున్నాయి. ఇంకా నిండుగా కనిపిస్తున్న ఒక ఫైకస్ దగ్గరికి వెళ్ళి కొమ్మను పట్టుకున్నాను. పట్టుకున్నంతే, ఉన్న ఆకులన్నీ ఒక్కసారిగా జలజలా రాలిపోయాయి. చేతిలో పుల్ల మిగిలింది. స్నేక్ ప్లాంట్లు ఇరవై మాత్రం ఏమీ జరగనట్టు మూలన నిలబడి ఉన్నాయి. నేను ఆ ఆకుల్లోనే కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు. మూడు నెలల్లో ఏం తప్పు చేశానా అని వెతుక్కుంటున్నాను.

ఆ తప్పు వెతకడంలో నాకు చాలామంది సాయం చేశారు. అత్త గుమ్మంలోంచే చూసి దిష్టి అని తేల్చేసింది. రెండు వందల చెట్లను పట్టపగలు టెంపోలో ఊరేగిస్తే తగలకుండా ఎలా ఉంటుందని, నిమ్మకాయలు, మిరపకాయలు తెప్పించి గుమ్మానికి కట్టించింది. బావగారు, తన గదిలో ఇన్నేళ్ళుగా ఒక్క అరటికాయ కూడా ఇలా ప్రవర్తించలేదు కాబట్టి మొక్కల పెంపకంలోనే లోపం ఉందని బాధపడ్డారు. పక్క వీధిలోని పురుగుమందుల అంగడాయనను పిలిపించారు. ఆయన ఒక ఆకును వెలుతురుకు ఎత్తి పట్టి, వాసన చూసి, ఇది బూజు తెగులు కావచ్చు, పురుగు కూడా కావచ్చు, బలహీనత అయినా కావచ్చునని చెప్పి, దేనికీ అన్యాయం చేయకుండా మూడు సీసాలు ఇచ్చాడు. మూడోది టానిక్. ఆకుల మీద పిచికారీ చేయమన్నాడు. ఆకులు నేల మీదున్నాయని చెప్తే, వచ్చాక చేయమన్నాడు.

వాళ్ళందరూ కాఫీకి వెళ్ళాక ఆ గదిలో నేనూ, ఆకులు ఊడుస్తున్న ఆ పనివాడూ మిగిలాం. ఆరు రోజులు ఆలస్యంగా అడిగాను, ఆ రోజు ఎందుకట్లా అన్నావని.

అతను చీపురు గోడకు ఆనించాడు. "నన్నెవురడిగినారమ్మా. ఒకతూరి మా ఇంటామెకి మల్లెపూలు కొన్నాను. పని అయ్యేదాకా వాడకుండా ఉంటాయని ఈ రూములో పెట్టినాను. ఇంటికి పోయి చేతిలో పెడితే దారం మిగిలింది, పూలన్నీ పొట్లంలో రాలిపోయినాయి. ఈ గ్యాసుకి కాయేది, పువ్వేది అని తెలీదమ్మా. దేన్ని చూసినా ముసలిదాన్ని చేసేస్తాది." మళ్ళీ చీపురు అందుకుంటూ, "మూడు దినాలు మా ఇంటామె మాట్లాడలేదు" అన్నాడు.

తర్వాత తలుపు దగ్గరికి తీసుకెళ్ళాడు. తలుపు మీద మండీ క్యాలెండరు వేలాడుతోంది. దాన్ని పక్కకు జరిపితే, వెనక యంత్రం అమర్చినవాళ్ళు అంటించిపోయిన ఇంగ్లీషు కాగితం. ఐదో వరుసలో స్పష్టంగా రాసి ఉంది: పూలు, ఆకు కూరలు, మొక్కలు ఈ గదిలో ఉంచరాదు. తర్వాత బావగారికి చూపిస్తే, ఇంగ్లీషులో ఉంది కదా, వారంటీ అనుకున్నానన్నారు.

ఆ గ్యాస్ పేరు ఎథిలీన్. పండ్లు మాగేటప్పుడు వాటంతటవే వదిలేది కూడా అదే. ఆ యంత్రం దాన్ని ఇంకా ఎక్కువగా వదులుతుంది. కాయకు అది మాగమని చెప్పే కబురు. ఆకుకు అదే కబురు, నీ పని అయిపోయింది, దిగిపొమ్మని. అది అందగానే కాడ మొదట్లో ఒక సన్నటి పొర తెగిపోతుంది, ఆకు పచ్చగా ఉండగానే చెట్టు దాన్ని వదిలేస్తుంది. వెలుతురు లేని మూసిన గదిలో ఈ పని ఇంకా తొందరగా జరుగుతుంది. ఫైకస్, గొడుగు చెట్టు లాంటివి ఒక్క మాటకే లొంగిపోతాయి. మనీప్లాంటు పసుపెక్కుతుంది. స్నేక్ ప్లాంటు అసలు లెక్కే చేయదు. ఇదంతా ఆ మధ్యాహ్నం మండీ మెట్ల మీద కూర్చుని ఫోనులో చదివి తెలుసుకున్నాను. మొక్కలు పెంచే మనిషికి ఇది మొదటి పాఠంలోనే తెలిసి ఉండాలి. నేను నీళ్ళు, నీడ, ఎరువు తెలుసుకున్నాను. గాలిలో ఏముందో ఎప్పుడూ అడగలేదు.

ప్రారంభం మర్నాడే. మండపం యజమానికి ఫోన్ చేసి, దాచకుండా జరిగింది చెప్పాను. కొమ్మలు బతికే ఉన్నాయని, గీకి చూస్తే లోపల పచ్చగా ఉందని, వెలుతురులో పెడితే రెండు నెలల్లో చిగురిస్తాయని కూడా చెప్పాను.

"నేను చెట్లు అడిగితినమ్మా, పుల్లలు కాదు" అన్నాడు. "రెండు నెలలు ఆగమని రిబ్బను కత్తిరించే ఆయప్పకి నేను చెప్పగలనా?"

తిడతాడేమోనని చూశాను. తిట్టలేదు. వ్యాపారస్తుడు, పది నిమిషాల్లో మళ్ళీ ఫోన్ చేసి, పుల్లలనే తెమ్మన్నాడు, దారిలో ప్లాస్టిక్ ఆకులు కొనుక్కురమ్మన్నాడు. పదేళ్ళుగా ప్లాస్టిక్ మొక్కలు అమ్మేవాళ్ళను మనసులో తిట్టుకుంటూ బతికినదాన్ని. కానీ మాటిచ్చాను, ఆకులు పోయాయి, ఆయన అడుగుతున్నది అదొక్కటే. ఒప్పుకున్నాను.

చింతామణి అంగళ్ళలో ఆ రోజు దొరికినవి రెండే రకాలు: గుమ్మాలకు కట్టే మామిడాకుల తోరణాలు, ద్రాక్ష తీగలు. వాటినే మూటలుగా కట్టుకుని, కుండీలన్నీ మళ్ళీ టెంపోకెక్కించి బాగేపల్లి చేరాం. నేనూ, మా తోడికోడలూ, మండపం కాపలా చూసే ఆమే కలిసి అర్ధరాత్రి దాటేదాకా పచ్చ టేపుతో ఆకులు అంటించాం. ఫైకస్‌లకు మామిడాకులు, గొడుగు చెట్లకు ద్రాక్షాకులు. మా తోడికోడలికి ఈ పని బాగా నచ్చింది. నా తోటకు ఒక్కనాడూ రాని మనిషి, ఇన్నేళ్ళకు నా వ్యాపారం అర్థమైందని చెప్పింది.

ఆదివారం నాయకుడు వచ్చాడు. రిబ్బను కత్తిరించి, వెనక మందతో లోపల తిరుగుతూ ఒక ఫైకస్ ముందు ఆగాడు. ఆకును రెండు వేళ్ళతో రుద్దాడు. ఏసీలో పెరిగే మామిడిని తాను ఇంతవరకూ చూడలేదని, నిజమైన మొక్కకుండే కళే వేరని కన్నడంలో చెప్పి, ఇది ఎప్పుడు కాపుకొస్తుందని అడిగాడు. మండపం యజమాని తడుముకోకుండా రెండేళ్ళన్నాడు. మా బావగారు పక్కనుంచి, రెండేళ్ళు ఎక్కువ, బాగా చూసుకుంటే ముందే రావచ్చన్నారు. బయటికి పోతూ నాయకుడు ద్వారం దగ్గర స్నేక్ ప్లాంట్ల మీద తట్టి, ఇంత ఖర్చు పెట్టినవాడివి ఇక్కడ ఈ ప్లాస్టిక్‌వి ఎందుకు పెట్టావని యజమానిని మందలించాడు. యజమాని నా వైపు చూశాడు, ఆ మొక్కలు వద్దని ముందే చెప్పాను కదా అన్నట్టు.

ఆ తర్వాత నెలరోజులు నాకు ఫోన్లే ఫోన్లు. గౌరిబిదనూరు నుంచి, మంచేనహళ్ళి నుంచి, అందరికీ ఇంట్లో పెరిగే ఆ మామిడే కావాలి. అందరికీ నిజం చెప్పాను. కొందరు నమ్మారు. ఎక్కువమంది, ఆ రకాన్ని పెద్దవాళ్ళకే ఇస్తున్నానని, తమలాంటివాళ్ళకు దాచిపెడుతున్నానని అనుకున్నారు.

ఇక బావగారు ఎథిలీన్‌లో పండితులైపోయారు. ఆ మాట తెలిసిన వారం లోపలే దాన్ని కనిపెట్టినవారిలా మాట్లాడసాగారు. రైతులు మండీకి వస్తే క్యాలెండరు జరిపి కాగితం చూపిస్తారు. మా అత్త జుట్టు రాలుతోందంటే, వంటింట్లో పండ్ల బుట్ట ఎక్కడుందని అడిగారు. ఒక శిక్షణ శిబిరంలో ఆయన్ను వేదిక ఎక్కించి మొక్కల నిల్వ గురించి మాట్లాడించారని మా ఆయన చెప్పాడు. ఆ మాటల్లో మల్లెపూల కథ కూడా వచ్చిందట, ఆయన సొంత అనుభవంగా. మా తోడికోడలు ముందు వరుసలోనే ఉంది, తనకు ఎప్పుడు మల్లెపూలు తెచ్చారో గుర్తు రాక ఇంటికొచ్చేదాకా ఆలోచించిందట.

రెండు నెలలు దాటాక ఒక రోజు మండపం కాపలా ఆమె ఫోన్ చేసింది. "చెట్లకి ఏందో రోగం తగిలినట్లుండాదమ్మా. మామిడాకుల నడుమ వేరే ఆకులు మొలస్తాండాయి. పెరికేద్దునా?"

వద్దు, చేయి పెట్టొద్దని చెప్పి, ఆ రోజే బాగేపల్లి బస్సెక్కాను. ఆమె చెప్పింది నిజమే. కిటికీల పక్కనున్న ఫైకస్‌లకు కణుపు కణుపునా లేత ఆకుపచ్చ మొగ్గలు. గొడుగు చెట్లు ద్రాక్షాకుల్లోంచి వేలెడు గొడుగులు బయటికి చాచాయి. చీకటి మూలల్లో పెట్టిన కొన్ని ఎండిపోయాయి, వాటిని తీసేశాను. ఇద్దరం కూర్చుని టేపు కత్తిరిస్తూ ప్లాస్టిక్ ఆకులు ఊడదీస్తుంటే యజమాని వచ్చాడు. కొత్త చిగుళ్ళు చూసి సంతోషించాడు. కానీ వేదిక ముందున్న నాలుగింటిని మాత్రం అట్లాగే ఉంచమని అడిగాడు. పెళ్ళికొచ్చినవాళ్ళు ఆ మామిడి చెట్ల పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారట. ఆయనతో వాదించలేదు. ఆ నాలుగూ ఇప్పటికీ ఒకే కొమ్మకు రెండు రకాల ఆకులతో ఉన్నాయి.

బయల్దేరేటప్పుడు కాపలా ఆమె, మనీప్లాంటు కొమ్మ ఒకటి ఇమ్మని అడిగింది. కణుపు కింద కత్తిరించి నీళ్ళ సీసాలో పెట్టి ఇచ్చాను. పండ్ల పక్కన పెట్టొద్దని చెప్పాను. ఆమె కొంచెం ఇబ్బందిపడింది. మండపం వెనక వాళ్ళకిచ్చింది ఒకటే గది, వంటా పడకా పండ్లూ దేవుడూ అన్నీ అందులోనే. అయితే కిటికీ తెరిచి పెట్టు, అది చాలు అన్నాను. ఆమె సీసా పట్టుకుని లోపలికి పోయింది. కిటికీ రెక్క బిగుసుకుపోయి ఉన్నట్టుంది, రెండు మూడుసార్లు గుద్దిన చప్పుడు వినిపించింది.